వాన వేరు, ఆదివారం వేరు: ఆర్‌లో మోడల్ ఫార్ములా పాఠం

మన క్లబ్ పత్రికలో కవితలు, కథలు వస్తుంటాయి. ఈసారి నేను ఒక పాఠం రాస్తున్నాను. కంగారు పడకండి, ఇది కూడా భాష గురించే. కాకపోతే ఈ భాష పేరు ఆర్. దీంట్లో వ్యాకరణం తప్పితే ఎర్రర్ వస్తుందని చాలామంది అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. వ్యాకరణం సరిగ్గా ఉండి అర్థం తప్పితే మాత్రం ఏ ఎర్రరూ రాదు. మా అమ్మకి గిరాకీ పోతుంది.

సంగతి మొదట్నుంచీ చెప్తాను. కిందటి సెమిస్టర్‌లో స్టాటిస్టిక్స్ ల్యాబ్‌లో మాకు మినీ ప్రాజెక్ట్ ఇచ్చారు. "ఏదైనా నిజమైన డేటా తెచ్చుకోండి, ఆర్‌లో ఒక మోడల్ కట్టండి" అన్నారు సార్. మా బ్యాచ్ అంతా నెట్‌లో దొరికే ఇళ్ల ధరలు, క్రికెట్ స్కోర్లు పట్టుకున్నారు. నా దగ్గర అంతకన్నా మంచిది ఉంది: మా అమ్మ నోటుపుస్తకం.

తునిలో మా అమ్మ కర్రీ పాయింట్ నడుపుతుంది. పప్పు, రసం, రెండు వేపుళ్లు, ఒక పులుసు. పొద్దున్నే వండితే మధ్యాహ్నానికి అయిపోవాలి, లేకపోతే నష్టం. అమ్మ రోజూ రాత్రి తేదీ, వారం, వాన పడిందా లేదా, ఎన్ని పాకెట్లు అమ్ముడయ్యాయి, ఎంత డబ్బు వచ్చింది అన్నీ రాసి పెడుతుంది. నేను అందులో 28 వారాలు, అంటే 196 రోజులు, టేబుల్‌గా ఎక్కించాను. అమ్మని ఒక్క ప్రశ్న అడిగాను: "నీకేం తెలియాలి?" "వాన రోజున ఎంత వండాలో చెప్పు చాలు" అంది.

చెప్పాను. తప్పు చెప్పాను. ఎందుకు తప్పయిందో అర్థం చేసుకోవాలంటే ముందు ఫార్ములా అంటే ఏమిటో చూడాలి.

ఫార్ములా ఒక వాక్యం

నేను రాసిన మొదటి ఫార్ములా ఇది:

పాకెట్లు ~ వాన + ఆది

(ఇక్కడ పేర్లు చదువుకోడానికి వీలుగా తెలుగులో రాస్తున్నాను. మీరు టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లోనే పెట్టుకోండి.)

మధ్యలో ఉన్న అలలాంటి గీత పేరు టిల్డా. దానికి ఎడమ పక్కన మనం వివరించాలనుకున్నది, కుడి పక్కన దేని ఆధారంగా వివరిస్తున్నామో అది. "పాకెట్ల అమ్మకం వాన మీదా, ఆదివారం మీదా ఆధారపడి ఉంటుంది అనుకుందాం" అని చదువుకోవాలి. వాన అనే కాలమ్‌లో వాన పడితే 1, లేకపోతే 0. ఆది కూడా అంతే: ఆదివారమైతే 1, మిగతా ఆరు రోజులూ 0.

అందరూ మొదట జారేది ప్లస్ గుర్తు దగ్గర. అది కూడిక కాదు. వాన విలువకి ఆది విలువ కలపమని కాదు దాని అర్థం. "ఈ పదాన్ని కూడా మోడల్‌లో చేర్చు" అని. ఆర్ టిల్డాని చూడగానే ఆ వరసని లెక్కకట్టదు, వాక్యంలా అలాగే దాచుకుంటుంది. తర్వాత ఎల్‌ఎం లాంటి ఫంక్షన్ దాన్ని విప్పి చదువుతుంది. ఎల్‌ఎం అంటే లీనియర్ మోడల్‌కి పొట్టి పేరు.

ఈ రాత పద్ధతి ఆర్‌తో పుట్టలేదు. విల్కిన్సన్, రోజర్స్ అనే ఇద్దరు 1973లో అప్లయిడ్ స్టాటిస్టిక్స్ పత్రికలో వ్యాసం రాసి మోడళ్లని ఇలా గుర్తులతో వర్ణించే పద్ధతిని ప్రతిపాదించారు. తర్వాత అది ఎస్ అనే భాషలోకి వచ్చింది. ఛాంబర్స్, హేస్టీ సంపాదకులుగా 1992లో వచ్చిన స్టాటిస్టికల్ మోడల్స్ ఇన్ ఎస్ అనే పుస్తకం దాన్ని స్థిరపరిచింది. న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ విశ్వవిద్యాలయంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ మొదలుపెట్టిన ఆర్, ఎస్ దారిలోనే నడిచింది కాబట్టి ఈ ఫార్ములాలు కూడా వెంట వచ్చాయి. పైథాన్ వాళ్లూ బాధపడక్కర్లేదు, స్టాట్స్‌మోడల్స్ లైబ్రరీ ఇదే తరహా ఫార్ములా తీసుకుంటుంది.

టర్మ్‌కి మన లెక్కల పుస్తకాల్లో ఉన్న మాట "పదం". బహుపదిలో పదం అంటామే, అదే. సాహిత్య క్లబ్‌లో ఇంతకంటే మంచి మాట దొరకదు. ఫార్ములా వాక్యం, దానిలో ఒక్కో టర్మ్ ఒక్కో పదం.

నా మోడల్ ఏం చెప్పింది

నా డేటాలో రోజులు నాలుగు రకాలు. ఒక్కో రకం రోజున సగటున ఎన్ని పాకెట్లు పోయాయో ఇదీ (అంకెలు రౌండ్ చేశాను):

మామూలు రోజు, వాన లేదు: 126 రోజులు, సగటు 120
మామూలు రోజు, వాన ఉంది: 42 రోజులు, సగటు 90
ఆదివారం, వాన లేదు: 21 రోజులు, సగటు 80
ఆదివారం, వాన ఉంది: 7 రోజులు, సగటు 106

ఈ పట్టిక నేను మొదట వేసుకోలేదు. నేరుగా ఎల్‌ఎం కొట్టాను. జవాబు ఇలా వచ్చింది:

పాకెట్లు = 118 − 22 × వాన − 26 × ఆది

చూడ్డానికి ఎంత శుభ్రంగా ఉందో! వాన పడితే 22 తగ్గుతాయి, ఆదివారమైతే 26 తగ్గుతాయి. మరి వాన పడే ఆదివారం? 118లోంచి 22, 26 తీసేస్తే 70. ఫోన్ చేసి అమ్మకి చెప్పాను: "ఆదివారం వాన పడితే 70 పాకెట్లకే వండు, ఎక్కువైతే పారబోయాలి."

అమ్మ ఒక్క క్షణం ఆగింది. "వాన వేరు, ఆదివారం వేరు, ఆదివారం వాన వేరేనే" అంది. "అమ్మా, రెండూ లెక్కలోకి తీసుకున్నాను" అన్నాను. నాకు అప్పుడు అర్థం కాలేదు, ఆవిడ మూడు పదాలు చెప్పింది, నేను రెండే రాశాను.

తర్వాతి ఆదివారమే వాన పట్టుకుంది. అమ్మ నా మాట మీద 70 వండింది. పన్నెండింటికల్లా గిన్నెలు ఖాళీ. మా వీధి చివర ఒక్కరే ఉండే రిటైర్డ్ మాస్టారు గొడుగేసుకుని ఒంటిగంటకి వచ్చారు. రోజూ మా దగ్గరే ఆయన భోజనం. ఆయన్ని ఉత్త క్యారేజీతో వెనక్కి పంపాల్సి వచ్చిందని అమ్మ సాయంత్రం చెప్పింది. నన్నేమీ అనలేదు. "నువ్వు చెప్పావని వండాను" అని మాత్రం అంది. అంతకంటే రెండు తిట్లు తిట్టినా బాగుండేది.

ప్లస్ చెప్పలేనిది కోలన్ చెప్తుంది

ప్లస్ పెట్టిన ప్రతిసారీ మనం ఒక మాట ఇస్తున్నాం: "ఈ రెండూ ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా పనిచేస్తాయి." వాన ప్రభావం మామూలు రోజైనా, ఆదివారమైనా ఒకటే. ఆ మాట నేనే ఇచ్చాను కాబట్టి మోడల్ దానికి కట్టుబడింది. మామూలు రోజున వాన 30 పాకెట్లు తగ్గిస్తోంది, ఆదివారం 26 పెంచుతోంది. ఒకే అంకెలో రెండూ చెప్పమంటే అదేం చేస్తుంది పాపం? మామూలు రోజులు ఎక్కువ కాబట్టి అటు మొగ్గి, మధ్యలో −22 దగ్గర ఆగింది.

ఆదివారం వాన పడితే అమ్మకం ఎందుకు పెరుగుతుంది అని తర్వాత అమ్మని అడిగాను. మామూలు రోజుల్లో మా గిరాకీ బస్టాండు వైపు నడిచే ఆఫీసు వాళ్లు, కోచింగ్ పిల్లలు. వాన పడితే వాళ్లు రారు. ఎండగా ఉన్న ఆదివారం ఇళ్లలో చికెనో చేపలో వండుకుంటారు, మా పప్పు ఎవరిక్కావాలి? అదే వాన పడితే ఎవరూ మార్కెట్‌కి కదలరు. "వేడి అన్నం వండుకుని, పిల్లాడికి గొడుగిచ్చి పప్పూ రసం తెమ్మంటారు" అంది. అమ్మకి ఇది ఎప్పట్నుంచో తెలుసు. నా ఫార్ములాలో దానికి చోటు లేదు.

ఆ చోటు పేరు ఇంటరాక్షన్, గుర్తు కోలన్:

పాకెట్లు ~ వాన + ఆది + వాన:ఆది

మన వ్యాకరణంలోంచి ఒక పోలిక చెప్తాను. రామలక్ష్మణులు అంటే ద్వంద్వ సమాసం. రాముడు రాముడే, లక్ష్మణుడు లక్ష్మణుడే, ఇద్దరికీ సమానంగా ప్రాధాన్యం. ప్లస్ అలాంటిది. చక్రపాణి అంటే బహువ్రీహి. చక్రమూ కాదు, చెయ్యీ కాదు, రెండూ కలిసి విష్ణువు అనే మూడో అర్థాన్ని చూపిస్తాయి. కోలన్ అలాంటిది. వాన:ఆది అంటే వానా కాదు, ఆదివారమూ కాదు. రెండూ కలిసినప్పుడు మాత్రమే పుట్టే అదనపు సంగతి.

కొత్త ఫార్ములాతో జవాబు:

పాకెట్లు = 120 − 30 × వాన − 40 × ఆది + 56 × (వాన × ఆది)

వాన ఆదివారానికి వేసి చూడండి: 120 − 30 − 40 + 56 = 106. ఇంతకుముందు 70 అన్న మోడల్ ఇదే, ఒక్క పదం చేర్చామంతే. తేడా 36 పాకెట్లు.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఇంటరాక్షన్ చేరాక −30 అర్థం మారిపోయింది. అది ఇక "వాన ప్రభావం" కాదు, "ఆది సున్నా అయినప్పుడు వాన ప్రభావం". చాలా రిపోర్టుల్లో ఇంటరాక్షన్ పెట్టి కూడా పాత పద్ధతిలోనే చదివేస్తారు.

గుర్తుల చిట్టా

నక్షత్రం (*) అంటే గుణకారం కాదు, పొట్టిదారి. వాన*ఆది అని రాస్తే వాన + ఆది + వాన:ఆది అని ఆర్ విప్పుకుంటుంది.

కోలన్ ఒక్కటే రాస్తే మిగతా రెండూ వాటంతటవి రావు. ఇదెంత ప్రమాదమో నా డేటాలోనే తెలిసింది. ఉత్సాహం కొద్దీ ఒకసారి పాకెట్లు ~ వాన:ఆది అని మాత్రమే రాశాను. మన కాలమ్‌లు 0, 1 కాబట్టి ఈ మోడల్‌కి తెలిసింది ఒక్కటే: వాన ఆదివారాలు ఒక పక్క, మిగతా 189 రోజులూ కలగలిపి ఇంకో పక్క. మిగతా రోజుల సగటు 108.9. వాన ఆదివారాల సగటు 106. తేడా −2.9. అంటే "ఆదివారం వానకి ప్రత్యేకత ఏమీ లేదు" అని చెప్పేసింది! ఉన్న 56ని మాయం చేసేసింది. అందుకే ఇంటరాక్షన్ పెడితే దాని విడి పదాల్ని కూడా ఉంచండి, తీసేయడానికి గట్టి కారణం ఉంటే తప్ప.

మైనస్ అంటే పదాన్ని తీసేయడం. వాన*ఆది − ఆది అంటే వాన, వాన:ఆది మిగులుతాయి.

1 అంటే ఇంటర్‌సెప్ట్, మన 118, 120 లాంటి మొదటి అంకె. రాయకపోయినా అది ఉంటుంది. వద్దనుకుంటే 0 + అనిగానీ, − 1 అనిగానీ రాయాలి. ఇంటర్‌సెప్ట్ తీసేస్తే ఆర్ స్క్వేర్ ఒక్కసారిగా పెరిగినట్టు కనిపించవచ్చు. సంతోషపడకండి. ఇంటర్‌సెప్ట్ లేనప్పుడు ఆర్ దాన్ని సగటు నుంచి కాకుండా సున్నా నుంచి కొలుస్తుంది. కొలబద్ద మారింది, మోడల్ బాగుపడలేదు.

టోపీ గుర్తు (^) అంటే ఘాతం కాదు. (వాన + ఆది + పండగ)^2 అంటే మూడు విడి పదాలూ, వాటిలో రెండేసి కలిసిన ఇంటరాక్షన్లు మూడూ. మొత్తం ఆరు పదాలు.

చుక్క (.) అంటే "టేబుల్‌లో ఉన్న మిగతా కాలమ్‌లన్నీ". బద్ధకస్తుడి స్వర్గం. పాకెట్లు ~ . అని కొట్టి చూశాను, ఆర్ స్క్వేర్ దాదాపు 1 వచ్చింది. రాత్రి పదకొండింటికి హాస్టల్ గదిలో కేక పెట్టాను. తర్వాత చూసుకుంటే టేబుల్‌లో "వచ్చిన డబ్బు" కాలమ్ కూడా ఉంది. పాకెట్లని ధరతో గుణిస్తే వచ్చేదే అది! జవాబు పత్రం ముందు పెట్టుకుని పరీక్ష రాసినట్టు. వండే ముందు తెలియని ఏ కాలమూ కుడి పక్కన ఉండకూడదు.

వర్గమా, నిర్వర్గమా?

మీ అందరి కంప్యూటర్లోనూ ఉండే డేటాతో కొంచెం చూద్దాం. ఆర్‌తో పాటే వచ్చే ఎంటీకార్స్‌లో 32 కార్ల వివరాలు ఉంటాయి. 1974 నాటి మోటార్ ట్రెండ్ అనే అమెరికన్ పత్రికలోవి. గాలన్‌కి ఎన్ని మైళ్లు వస్తుందో (మైలేజీ), బరువెంతో (వెయ్యి పౌండ్లు ఒక యూనిట్), ఎన్ని హార్స్‌పవరో, ఎన్ని సిలిండర్లో అందులో ఉన్నాయి.

మైలేజీ ~ బరువు అంటే 37.29 − 5.34 × బరువు అని వస్తుంది. గీత కొంచెం వంకర తిరుగుతుందేమో, బరువు వర్గాన్ని కూడా పెడదాం అనుకుని ఇలా రాశామనుకోండి:

మైలేజీ ~ బరువు + బరువు^2

ఎర్రర్ రాదు. జవాబు వస్తుంది: 37.29 − 5.34 × బరువు. అచ్చం మునుపటిదే! ఎందుకంటే ఫార్ములాలో టోపీ అంటే "పదాల్ని ఒకదానితో ఒకటి కలుపు" అని చెప్పుకున్నాం కదా. బరువుని బరువుతో కలిపితే బరువే. మా క్లాసులో ఒకరు ఈ ఫలితం చూసి "వక్రత ఏమీ లేదు" అని రిపోర్టులో రాసేశారు. వక్రతని అసలు వెతకనే లేదు!

లెక్కల అర్థంలో వర్గం కావాలంటే ఐ అనే ఫంక్షన్‌లో చుట్టాలి: ఐ(బరువు^2). "లోపల ఉన్నది ఫార్ములా భాష కాదు, మామూలు లెక్క" అని చెప్పే కవరు అది. అప్పుడు వస్తుంది అసలు జవాబు: 49.93 − 13.38 × బరువు + 1.17 × బరువు వర్గం. ఆర్ స్క్వేర్ 0.753 నుంచి 0.819కి పెరుగుతుంది. వంకర ఉంది.

ఇంకో ఉచ్చు, అంకెల్లా కనిపించే పేర్లు. సిలిండర్లు 4, 6, 8. అంకెగా వదిలేస్తే ఒక్కో సిలిండర్‌కి 2.88 మైళ్లు తగ్గుతుందంటుంది. అంటే 4 నుంచి 6కి వెళ్లినా, 6 నుంచి 8కి వెళ్లినా ఒకటే తగ్గుదల, 5.75. ఫ్యాక్టర్‌గా మార్చి పెడితే 4 నుంచి 6కి 6.92, 6 నుంచి 8కి 4.64 అని తేలుతుంది. నేను మొదట్లో వారాలకి సోమవారం 1, ఆదివారం 7 అని అంకెలిచ్చి అలాగే ఫార్ములాలో పెట్టాను. సోమవారం నుంచి ఆదివారం దాకా ఒక్కో రోజుకీ అమ్మకం ఒకే మోతాదులో మారుతుందని నా మోడల్ నమ్మింది! పేరుకి అంకె వేసినంత మాత్రాన అది సంఖ్య అయిపోదు. హాల్‌టికెట్ నంబర్లని కూడితే ఏమొస్తుంది?

ఫ్యాక్టర్ పెట్టినప్పుడు మొదటి స్థాయి పునాది అవుతుంది, మిగతావన్నీ దానితో పోలిక. ఏది పునాదో చూసుకోకుండా "6 సిలిండర్లకి −6.92" అని చెప్తే సగం వాక్యమే చెప్పినట్టు. 4 సిలిండర్ల కంటే అంత తక్కువ అని.

రెండు సంఖ్యల మధ్య కూడా ఇంటరాక్షన్ ఉంటుంది. మైలేజీ ~ బరువు + హెచ్‌పీ అంటే వెయ్యి పౌండ్లు పెరిగితే ఏ కారుకైనా 3.88 మైళ్లు తగ్గుతాయంటుంది. ప్లస్ బదులు నక్షత్రం పెడితే: 49.81 − 8.22 × బరువు − 0.120 × హెచ్‌పీ + 0.0278 × బరువు × హెచ్‌పీ. ఇప్పుడు 100 హార్స్‌పవర్ కారుకి బరువు వల్ల తగ్గేది దాదాపు 5.4, 200 హార్స్‌పవర్ కారుకి దాదాపు 2.6. "బరువు ప్రభావం ఎంత?" అంటే "ఏ కారుకి?" అని ఎదురు ప్రశ్న వేయాలి. మా అమ్మ వాన గురించి అన్నదీ అదే.

పదాల్ని విప్పి చూడండి

మీరు రాసింది ఒకటి, ఆర్ చదివింది ఇంకొకటి కాకుండా ఉండాలంటే టర్మ్స్ అనే ఫంక్షన్‌కి ఫార్ములా ఇచ్చి చూడండి. అది వాక్యాన్ని పదచ్ఛేదం చేసి పెడుతుంది. పదాల పేర్లు ఏమిటి, ఒక్కో పదంలో ఎన్ని చలరాశులు కలిశాయి (విడి పదమైతే 1, ఇద్దరి ఇంటరాక్షన్ అయితే 2), ఇంటర్‌సెప్ట్ ఉందా లేదా, ఎడమ పక్కన ఏముంది, అన్నీ కనిపిస్తాయి. బరువు + బరువు^2 ఇస్తే పదాల జాబితాలో బరువు ఒక్కటే కనబడుతుంది. పది సెకన్లలో దొంగ దొరికిపోతాడు.

ఇక్కడే ఇంకో విషయం తెలుస్తుంది. మీరు వాన*ఆది + పండగ అని రాసినా ఆర్ దాన్ని వాన, ఆది, పండగ, వాన:ఆది అని వరస మారుస్తుంది. విడి పదాలు ముందు, ఇంటరాక్షన్లు తర్వాత. అందుకని "మూడో పదం గుణకం తీసుకో" అని స్థానం చూసి కోడ్ రాయకండి, పేరుతోనే తీసుకోండి. రాసిన వరసే కావాలంటే టర్మ్స్‌కి కీప్ డాట్ ఆర్డర్ అనే ఆప్షన్ ఉంది.

మోడల్ డాట్ మ్యాట్రిక్స్ అనే ఫంక్షన్ ఇంకో అడుగు ముందుకెళ్లి అసలు కాలమ్‌లనే చూపిస్తుంది. నా నాలుగు పదాల మోడల్‌లో వాన ఆదివారం వరస 1, 1, 1, 1 అని ఉంటుంది, మామూలు వాన రోజు 1, 1, 0, 0 అని. చివరి కాలమ్‌లో ఏడు రోజులకే 1 ఉంది. ఆ ఏడు ఒకట్లూ చూశాక నాకు కొంచెం భయం వేసింది కూడా. 56 అనే అంకె నిలబడింది ఏడంటే ఏడు రోజుల మీద. అందుకే రిపోర్టులో ఒక్క అంకె ఇవ్వకుండా కాన్ఫింట్‌తో ఇంటర్వెల్ కూడా ఇచ్చాను.

ఉన్న మోడల్‌కి పదం చేర్చడానికి మళ్లీ అంతా రాయక్కర్లేదు. అప్‌డేట్ ఫంక్షన్‌లో . ~ . + వాన:ఆది అంటే చాలు. ఇక్కడ చుక్కకి అర్థం వేరు: "ఇంతకుముందు ఉన్నదే". పాత, కొత్త మోడళ్లని ఎనోవాకి ఇస్తే ఆ ఒక్క పదం రావడం వల్ల నిజంగా మేలు జరిగిందో లేదో పరీక్షించుకోవచ్చు.

ఏ ఫార్ములాకీ కనబడనిది

కొత్త మోడల్ పట్టుకుని ఇంటికెళ్లాను. అమ్మ నోటుపుస్తకం ఇచ్చి "ఆ వాన ఆదివారం కూడా ఎక్కించుకో" అంది. చూస్తే ఆ రోజు ఎదురుగా 70 అని ఉంది. వండింది 70, అమ్మింది 70.

ఒక్కసారి ఆలోచించండి. నా తప్పు మోడల్ 70 అంది. అమ్మ 70 వండింది కాబట్టి 70 కంటే ఎక్కువ అమ్మే అవకాశమే లేదు. ఇప్పుడు ఆ 70 డేటాలోకి వెళ్తే "చూశారా, నేను సరిగ్గా చెప్పాను" అని నా తప్పే నాకు సాక్ష్యం చెప్తుంది. ఉత్త క్యారేజీతో వెనక్కెళ్లిన మాస్టారు ఏ కాలమ్‌లోనూ లేరు. మనం కొలుస్తున్నది గిరాకీ కాదు, అమ్మకం. గిన్నె ఖాళీ అయిన రోజున ఈ రెండూ ఒకటి కావు. అంతకుముందు 28 వారాలూ అమ్మ నాలుగు పాకెట్లు మిగిలేట్టే వండేది కాబట్టి ఆ డేటా నమ్మొచ్చు. నేను సలహా ఇవ్వడం మొదలుపెట్టాకే డేటా చెడింది.

ఈ సంగతి అమ్మకి చెప్పాను. విని, నోటుపుస్తకంలో స్కేలు పెట్టి ఇంకో గీత గీసింది. పైన "అయిపోయిన టైము" అని రాసింది. ఆ ఆదివారం వరసకి వెళ్లి 12 అని నింపింది. "పప్పు అయిపోయాక వచ్చినవాళ్లని కూడా లెక్కపెట్టనా?" అని అడిగింది. పెట్టమన్నాను.

ఇంటిపని

మీరు చేసి చూడ్డానికి మూడు. ఒకటి, అ*ఆ − అ అంటే ఏ పదాలు మిగులుతాయి? రెండు, ఎంటీకార్స్‌లో మైలేజీ ~ బరువు + సిలిండర్లు అని ఒకసారి అంకెగా, ఒకసారి ఫ్యాక్టర్‌గా రాసి మోడల్ డాట్ మ్యాట్రిక్స్‌లో కాలమ్‌లు లెక్కపెట్టండి. మూడు, మీరు ఇదివరకే సబ్మిట్ చేసిన ఏదో ఒక ప్రాజెక్ట్ ఫార్ములా తీసి టర్మ్స్‌కి ఇచ్చి చూడండి. మొదటిదానికి జవాబు ఆ, అ:ఆ. రెండోదానికి మొదట మూడు కాలమ్‌లు, తర్వాత నాలుగు. మూడోదాని జవాబు మీకే తెలియాలి.

పోయిన నెలలో మళ్లీ ఒక ఆదివారం వాన పడింది. పొద్దున్నే ఫోన్ చేశాను. "106 అంది నా లెక్క" అన్నాను. "110 వండాను" అంది అమ్మ. "మాస్టారికి ముందే తీసి పక్కన పెట్టాను."